ట్రైకోడిస్ప్లేజియా స్పైన్యులోసా

ట్రైకోడిస్ప్లేజియా స్పైన్యులోసా అనేది రోమకూపాలకు సంబంధించిన ఒక అరుదైన చర్మవ్యాధి. రోగనిరోధక శక్తి బాగా తగ్గిపోయినవారిలో, ముఖ్యంగా అవయవ మార్పిడి జరిగినవారిలోను, రక్తపు క్యాన్సర్లకు చికిత్స పొందుతున్నవారిలోను ఇది కనిపిస్తుంది. ముక్కు, కనుబొమలు, చెవులు మొదలైన చోట్ల చిన్న చిన్న గట్టి పొక్కులు లేచి, వాటి మధ్య నుండి సన్నని తెల్లని ముళ్లు పొడుచుకొని రావడం దీని ప్రధాన లక్షణం. పాలియోమా కుటుంబానికి చెందిన ఒక వైరస్ ఈ వ్యాధికి కారణమని 2010లో కనుగొన్నారు.

ఇది ప్రాణాపాయం కలిగించే వ్యాధి కాదు. క్యాన్సర్ కూడా కాదు. అయినప్పటికీ రక్తపు క్యాన్సర్ రోగుల విషయంలో దీనిని సరిగా గుర్తించడం చాలా ముఖ్యం. ముఖం మీద ముళ్లు చూసి, క్యాన్సర్ తిరగబెట్టిందని రోగి భయపడవచ్చు. లేదా మందు పడలేదని తలచి కీమోథెరపీని మానివేయవచ్చు. మొదటిది అనవసరమైన భయం, రెండవది ప్రాణానికే ముప్పు. రోమకూపాలలోనే పుట్టే మరికొన్ని చర్మవ్యాధులు మాత్రం రక్తపు క్యాన్సర్‌కు సూచనలు కావచ్చు. కాబట్టి వీటి మధ్య భేదం తెలిసి ఉండడం అవసరం.

పేరు

ఈ పేరు గ్రీకు, లాటిన్ పదాల కలయిక. గ్రీకు భాషలో 'ట్రిఖోస్' అనగా వెంట్రుకకు సంబంధించినది, 'డిస్' అనగా చెడిన, 'ప్లాసిస్' అనగా రూపొందడం. లాటిన్‌లో 'స్పైన్యులా' అనగా చిన్న ముల్లు. మొత్తం మీద 'ముళ్లతో కూడిన రోమ నిర్మాణ లోపం' అని అర్థం చెప్పుకోవచ్చు. పేరు ప్రకారమే ఈ వ్యాధిలో వెంట్రుక రూపొందే పని చెడిపోతుంది. వెంట్రుక రావలసిన చోట ముల్లు వస్తుంది.

రోమకూపం నిర్మాణం

వ్యాధిని అర్థం చేసుకోవాలంటే రోమకూపం నిర్మాణం కొంత తెలియాలి. చర్మంలోనికి దిగిన సన్నని గొట్టం వంటిది రోమకూపం. దాని అడుగున ఉబ్బెత్తుగా ఉండే భాగంలో కణాలు వేగంగా విభజన చెందుతూ పైకి జరుగుతాయి. పైకి పోయేకొద్దీ అవి కెరాటిన్ అనే గట్టి మాంసకృత్తుతో నిండి, చివరకు జీవం కోల్పోయి, వెంట్రుకగా మారుతాయి. గోళ్లలో ఉండే గట్టి పదార్థం కూడా కెరాటిన్ జాతికి చెందినదే.

ఎదుగుతున్న వెంట్రుకను చుట్టి రెండు తొడుగులు ఉంటాయి. లోపలి వేరు తొడుగు వెంట్రుకకు అచ్చు వంటిది. మెత్తగా ఉన్న లేత వెంట్రుకకు ఆకారం ఇచ్చి, పని ముగిసిన తరువాత ఆ తొడుగు పైభాగంలో రాలిపోతుంది. ఈ తొడుగు కణాలలో ట్రైకోహయలిన్ అనే ప్రత్యేకమైన మాంసకృత్తు రేణువుల రూపంలో ఉంటుంది. ట్రైకోడిస్ప్లేజియా వైరస్ దాడి చేసేది ముఖ్యంగా ఈ లోపలి తొడుగు కణాలనే.

చరిత్ర

ఈ వ్యాధి చరిత్ర, కారణాన్ని పొరపాటుగా ఊహించి, క్రమంగా సరిదిద్దుకున్న చరిత్ర. 1995లో జర్మన్ భాషలో వెలువడే ఒక చర్మవైద్య పత్రికలో, మూత్రపిండాల మార్పిడి జరిగిన రోగుల ముఖాలపై వెంట్రుకల వంటి ముళ్లు ఏర్పడడాన్ని వర్ణించారు. ఆ రోగులు సైక్లోస్పోరిన్ అనే మందు వాడుతుండడం వలన ఇది ఆ మందు దుష్ఫలితమని భావించారు. సైక్లోస్పోరిన్ వాడేవారిలో వెంట్రుకలు అధికంగా పెరగడం అప్పటికే తెలిసిన విషయం కనుక ఆ ఊహ సహజమైనదే.

1999లో అమెరికాలో హేకాక్స్ తదితరులు మూత్రపిండము, క్లోమము మార్పిడి జరిగిన ఒక రోగిని వర్ణించారు. రోగి చర్మపు ముక్కను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో పరీక్షించినప్పుడు కణాల కేంద్రకాలలో వైరస్ రేణువులు కనిపించాయి. ట్రైకోడిస్ప్లేజియా స్పైన్యులోసా అనే పేరు పెట్టినది వీరే. అయితే ఆ వైరస్ ఏదన్నది అప్పటికి తేలలేదు. తరువాతి సంవత్సరాలలో ఇదే వ్యాధిని వేర్వేరు వైద్యులు వేర్వేరు పేర్లతో వర్ణించారు. 2004లో కూడా ఒక నివేదిక దీనిని సైక్లోస్పోరిన్ వలన కలిగిన రోమకూప వికారమనే పేర్కొన్నది. అదే సంవత్సరం మరొక నివేదిక దీనిని వైరస్ సంబంధమైన వ్యాధిగా పేర్కొన్నది.

అవయవ మార్పిడి జరగనివారిలో, అనగా సైక్లోస్పోరిన్‌తో సంబంధం లేనివారిలో కూడా ఈ వ్యాధి కనిపించడంతో మందు దుష్ఫలితమనే వాదం బలహీనపడింది. ఈ విషయంలో రక్తపు క్యాన్సర్ రోగుల వృత్తాంతాలు ముఖ్యమైనవి. 2007లో లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియాకు కీమోథెరపీ పొందుతున్న రోగిలో ఈ వ్యాధిని ఆస్ట్రేలియా వైద్య పత్రికలో వర్ణించారు. అదే సంవత్సరం లింఫోమా రోగిలో కూడా దీనిని గుర్తించినట్లు మరొక నివేదిక వెలువడింది. వాడిన మందులు వేరైనా వ్యాధి ఒకటే కావడం వలన, అందరిలోను సామాన్యంగా ఉన్నది నిరోధక శక్తి లోపమేనని స్పష్టమైంది.

2010లో నెదర్లాండ్స్‌లోని లైడెన్ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి చెందిన వాన్ డెర్ మైడెన్, ఫెల్ట్‌క్యాంప్ తదితరులు అసలు కారణాన్ని బయటపెట్టారు. గుండె మార్పిడి జరిగిన 15 ఏళ్ల రోగి ముఖం నుండి తీసిన ముళ్లలోని డీఎన్‌ఏను ప్రయోగశాలలో అనేక రెట్లు వృద్ధి చేసి, అందులో అంతకుముందు ఎవరికీ తెలియని ఒక పాలియోమా వైరస్‌ను కనుగొన్నారు. వ్యాధి పేరు మీదుగానే దానికి ట్రైకోడిస్ప్లేజియా స్పైన్యులోసా పాలియోమా వైరస్ అని పేరు పెట్టారు.

కారణమైన వైరస్

పాలియోమా వైరస్‌లు చాలా చిన్నవి. వాటి వ్యాసం సుమారు 40 నుండి 45 నానోమీటర్లు. వాటికి కొవ్వు పొర ఉండదు. లోపల గుండ్రంగా చుట్టుకొని ఉన్న రెండు పేటల డీఎన్‌ఏ ఉంటుంది. ట్రైకోడిస్ప్లేజియా వైరస్ డీఎన్‌ఏ పొడవు 5,232 జతల అక్షరాలు మాత్రమే. దీనికి అతి దగ్గరి బంధువు బోర్నియో దీవిలోని ఒరాంగుటాన్ కోతులలో కనుగొన్న పాలియోమా వైరస్.

మనుషులలో మొదట తెలిసిన పాలియోమా వైరస్‌లు బీకే, జేసీ అనేవి. వీటిని 1971లో కనుగొన్నారు. ఈ పేర్లు అవి దొరికిన రోగుల పేర్లలోని మొదటి అక్షరాలు. నిరోధక శక్తి తగ్గినప్పుడు బీకే వైరస్ మూత్రపిండాలను, జేసీ వైరస్ మెదడును దెబ్బతీస్తాయి. 2008లో కనుగొన్న మెర్కెల్ కణ పాలియోమా వైరస్ ఒక అరుదైన చర్మ క్యాన్సర్‌కు కారణమవుతుంది. ట్రైకోడిస్ప్లేజియా వైరస్ మనుషులలో కనుగొన్న పాలియోమా వైరస్‌లలో ఎనిమిదవది.

ఈ వైరస్ అరుదైనది కాదు, వ్యాధి మాత్రమే అరుదైనది. ఐరోపాలో జరిగిన రక్తపరీక్షలలో పెద్దవారిలో సుమారు నూటికి 70 మందికి ఈ వైరస్‌కు వ్యతిరేకమైన ప్రతిరక్షకాలు ఉన్నట్లు తేలింది. అనగా వారందరికీ జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు, చాలామందికి బాల్యంలోనే, ఇది సోకి తెలియకుండానే సద్దుమణిగింది. అలాంటప్పుడు వ్యాధి కొద్దిమందికే ఎందుకు వస్తున్నది?

మొదట్లో, శరీరంలో నిద్రాణంగా ఉన్న వైరస్ నిరోధక శక్తి తగ్గినప్పుడు మేల్కొంటుందని భావించారు. 2017లో ప్రచురితమైన ఒక పరిశోధన వేరొక విషయాన్ని సూచించింది. రోగుల పాత రక్త నమూనాలను పరీక్షించగా, వ్యాధి రావడానికి ముందు వారిలో ప్రతిరక్షకాలు లేవని, వ్యాధి వచ్చిన తరువాతనే అవి ఏర్పడ్డాయని తేలింది. అంటే, ఆరోగ్యంగా ఉన్న కాలంలో వైరస్‌ను ఎదుర్కోనివారికి, నిరోధక శక్తి బలహీనపడిన సమయంలో అది మొదటిసారిగా సోకడం వలన ఈ వ్యాధి కలుగుతున్నది. రోగులలో పిల్లలు, యువకులు ఎక్కువగా ఉండడానికి కూడా ఇది తగిన వివరణ.

ముళ్లు ఏర్పడే విధానం

వైరస్‌కు సొంతంగా డీఎన్‌ఏను తయారుచేసుకునే ఎంజైము లేదు. అది కణంలోని యంత్రాంగాన్నే వాడుకోవాలి. ఆ యంత్రాంగం కణం విభజన చెందుతున్నప్పుడు మాత్రమే పూర్తిగా పనిచేస్తుంది. కాబట్టి విభజన ఆపి ముదిరిపోవలసిన కణాన్ని వైరస్ మళ్లీ విభజన వైపు నెడుతుంది. ఇందుకు 'పెద్ద టీ యాంటిజెన్' అనే వైరస్ మాంసకృత్తు తోడ్పడుతుంది. కణ విభజనకు కళ్లెం వంటిదైన రెటినోబ్లాస్టోమా మాంసకృత్తును అది పనిచేయకుండా చేస్తుంది.

ఫలితంగా లోపలి వేరు తొడుగు కణాలు అదుపు లేకుండా పెరుగుతాయి. రోమకూపం ఉబ్బుతుంది. కణాలు ట్రైకోహయలిన్ రేణువులతో కిక్కిరిసిపోతాయి, కాని క్రమమైన వెంట్రుక ఏర్పడదు. అచ్చులో పోయవలసిన పదార్థం లేకుండా అచ్చు మట్టే పెరిగి బయటకు వచ్చినట్లు, తొడుగు కణాల ముద్ద కెరాటిన్‌తో గట్టిపడి ముల్లుగా బయటకు పొడుచుకొని వస్తుంది. వ్యాధి సోకిన చోట ఒక్కొక్క కణంలో వైరస్ డీఎన్‌ఏ ప్రతులు లక్షల సంఖ్యలో ఉంటాయి. ఆరోగ్యవంతుల చర్మంలో వైరస్ దొరికినా అది అత్యల్ప పరిమాణంలోనే ఉంటుంది.

రక్తపు క్యాన్సర్ రోగులలో రావడానికి కారణాలు

వైరస్‌లను అదుపు చేయడంలో తెల్ల రక్తకణాలలో ఒక రకమైన లింఫోసైట్లది ప్రధాన పాత్ర. రక్తపు క్యాన్సర్లలో ఈ రక్షణ రెండు విధాలుగా దెబ్బతింటుంది. మొదటిది వ్యాధి వలన. ల్యుకేమియా, లింఫోమా, మైలోమాలలో రక్షణకు ఉపయోగపడవలసిన కణజాతులే క్యాన్సర్ కణాలుగా మారి, మంచి కణాల స్థానాన్ని ఆక్రమిస్తాయి. రెండవది చికిత్స వలన. క్యాన్సర్ కణాలను చంపే మందులు మంచి లింఫోసైట్లను కూడా తగ్గిస్తాయి.

పిల్లలలో ఎక్కువగా వచ్చే లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియాను ఉదాహరణగా తీసుకోవచ్చు. దీని చికిత్స సాధారణంగా రెండు నుండి మూడు సంవత్సరాల పాటు సాగుతుంది. మొదటి నెలలలో విన్‌క్రిస్టిన్, స్టెరాయిడ్లు మొదలైనవి ఇచ్చి వ్యాధిని అణచివేస్తారు. తరువాత దీర్ఘకాలం మెర్కాప్టోప్యూరిన్, మెథోట్రెక్సేట్ మాత్రలతో నిర్వహణ చికిత్స కొనసాగుతుంది. మెథోట్రెక్సేట్ పుట్టుకలో తెలుగువారి భాగం ఉన్నది. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలు తయారుచేసిన ఫోలిక్ ఆమ్ల విరోధులలో ఇది ఒకటి. ఆ కుటుంబానికే చెందిన ఎమినోప్టెరిన్‌తో పిల్లల ల్యుకేమియా తాత్కాలికంగా తగ్గినట్లు 1948లో సిడ్నీ ఫార్బర్ ప్రకటించాడు. అప్పటి వరకు కొద్ది నెలలలోనే ప్రాణం తీసే ఈ వ్యాధి, అనేక మందులను కలిపి వాడే నేటి పద్ధతిలో ఎక్కువమంది పిల్లలలో నయమవుతున్నది.

ఈ సుదీర్ఘమైన చికిత్సకాలంలో పిల్లల నిరోధక శక్తి తక్కువగా ఉంటుంది. చాలామంది ఈ వైరస్‌ను మొదటిసారి ఎదుర్కొనేది కూడా బాల్యంలోనే. ఈ రెండూ ఒకే కాలంలో సంభవించినప్పుడు వ్యాధికి అవకాశం ఏర్పడుతుంది. పెద్దవారిలో దీర్ఘకాలిక లింఫోసైటిక్ ల్యుకేమియా, లింఫోమా, మైలోమా రోగులలో కూడా ఈ వ్యాధిని వర్ణించారు. అయినా వైద్య సాహిత్యంలో ఇవి ఒక్కొక్క రోగి వృత్తాంతాలుగానే కనిపిస్తాయి.

లక్షణాలు

* చర్మపు రంగులో గాని, కొద్దిగా ఎర్రగా గాని ఉండే చిన్న గట్టి పొక్కులు గుంపులుగా లేస్తాయి. ప్రతి పొక్కు ఒక రోమకూపం వద్దనే ఉంటుంది.
* పొక్కుల మధ్య నుండి తెల్లని లేదా పసుపుపచ్చని సన్నని ముళ్లు పొడుచుకొని వస్తాయి. చేతితో తడిమితే గరుకుగా తగులుతాయి.
* ముక్కు, కనుబొమలు, నుదురు, బుగ్గలు, చెవులు ముఖ్యమైన స్థానాలు. కొందరిలో మెడ, ఛాతీ, చేతులు, కాళ్ల మీదికి కూడా వ్యాపిస్తాయి.
* కనుబొమలు, కనురెప్పల వెంట్రుకలు పలుచబడవచ్చు లేదా పూర్తిగా రాలిపోవచ్చు.
* వ్యాధి ముదిరితే ముఖచర్మం మందంగా మారి, మడతలు పడి, ముక్కు ఉబ్బి, సింహముఖం వంటి ఆకృతి ఏర్పడవచ్చు.
* సాధారణంగా నొప్పి ఉండదు. కొందరిలో స్వల్పంగా దురద ఉంటుంది.

కీమోథెరపీ వలన కూడా కనుబొమలు రాలుతాయి. కాని అక్కడ చర్మం నునుపుగా ఉంటుంది. కనుబొమలు రాలిన చోట చర్మం గరుకుగా, ముళ్లతో ఉంటే ఈ వ్యాధిని అనుమానించాలి.

వ్యాధి నిర్ధారణ

అనుభవజ్ఞులైన చర్మవైద్యులు చూడగానే ఈ వ్యాధిని అనుమానించగలరు. నిర్ధారణకు చర్మపు ముక్కను తీసి బయాప్సీ పరీక్ష చేస్తారు. సూక్ష్మదర్శినిలో ఉబ్బిన రోమకూపాలు, అధికంగా పెరిగిన లోపలి తొడుగు కణాలు, వాటిలో ఎర్రగా రంగు పట్టిన పెద్ద పెద్ద ట్రైకోహయలిన్ రేణువులు కనిపిస్తాయి. క్రమమైన వెంట్రుక కాడ కనిపించదు.

వైరస్ ఉనికిని మూడు విధాలుగా తెలుసుకోవచ్చు. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో కేంద్రకాలలో స్ఫటికం వలె వరుసలు తీరిన వైరస్ రేణువులను చూడవచ్చు. వైరస్ మాంసకృత్తును ప్రత్యేకమైన రంజకాలతో గుర్తించవచ్చు. పీసీఆర్ పరీక్షతో వైరస్ డీఎన్‌ఏను గుర్తించి, దాని పరిమాణాన్ని కొలవవచ్చు. పీకిన ముల్లు కూడా పీసీఆర్ పరీక్షకు పనికివస్తుంది. కనుక రక్త ఫలకికలు బాగా తగ్గి, చర్మం కోయడానికి వెనుకాడవలసిన రోగులలో ఈ పద్ధతి ఉపయోగకరం. అయితే పీసీఆర్‌లో వైరస్ ఉన్నదని తేలడం మాత్రమే చాలదు. లైడెన్ పరిశోధకులు వ్యాధి లేని 69 మంది మూత్రపిండ మార్పిడి రోగుల కనుబొమ వెంట్రుకలను పరీక్షించగా ముగ్గురిలో వైరస్ కనిపించింది. కాబట్టి వైరస్ పరిమాణాన్ని, చర్మ లక్షణాలను కలిపి చూడాలి.

పోలికగల ఇతర రోమకూప వ్యాధులు

రక్తపు క్యాన్సర్ రోగులలో రోమకూపాలకు వచ్చే ఇతర వ్యాధుల నుండి దీనిని వేరుచేసి చూడాలి. చికిత్స ఒక్కొక్కదానికి ఒక్కొక్క విధంగా ఉంటుంది.

మైలోమా ముళ్లు: మైలోమా రోగులలో అరుదుగా ముక్కు, ముఖం, తల మీద ఇటువంటి ముళ్లే ఏర్పడతాయి. కొందరిలో ఈ ముళ్లలో మైలోమా కణాలు తయారుచేసే అసహజమైన మాంసకృత్తు కనిపించింది. మైలోమాకు చికిత్స చేస్తే ఇవి తగ్గుతాయి. చూపుకు ఒకే విధంగా ఉన్నా, ఇక్కడ ముల్లు క్యాన్సర్‌కే సూచన.

రోమకూప మ్యూసినోసిస్: రోమకూపాలలో జిగురు వంటి మ్యూసిన్ పేరుకొని, పొక్కులు లేచి, వెంట్రుకలు రాలుతాయి. 1957లో పింకస్ అనే వైద్యుడు దీనిని వర్ణించాడు. కొందరిలో ఇది దానంతట అదే తగ్గుతుంది. మరికొందరిలో చర్మ లింఫోమాతో కలిసి ఉంటుంది.

రోమకూపాలను ఆశ్రయించే మైకోసిస్ ఫంగాయిడిస్: పేరులో ఫంగస్ ఉన్నట్లు అనిపించినా ఇది శిలీంధ్ర వ్యాధి కాదు, టీ లింఫోసైట్ల లింఫోమా. తల, మెడ భాగాలలో పొక్కులు, గట్టి మచ్చలు వస్తాయి. కనుబొమలు రాలుతాయి. తీవ్రమైన దురద ఉంటుంది. బయాప్సీ లేకుండా దీనిని తోసిపుచ్చరాదు.

ఇయోసినోఫిలిక్ రోమకూప శోథ: ముఖం, మెడ, ఛాతీ మీద తీవ్రమైన దురదతో ఎర్రని పొక్కులు వస్తాయి. బయాప్సీలో ఇయోసినోఫిల్ అనే తెల్లకణాలు రోమకూపాల చుట్టూ గుమికూడి కనిపిస్తాయి. మూలకణ మార్పిడి తరువాత కూడా ఇది రావచ్చు.

డెమోడెక్స్ శోథ: అందరి ముఖ రోమకూపాలలోను నివసించే డెమోడెక్స్ అనే సూక్ష్మమైన పురుగులు, నిరోధక శక్తి తగ్గినప్పుడు విపరీతంగా పెరిగి ముఖం మీద ఎర్రని పొక్కులు కలిగిస్తాయి. నిర్వహణ చికిత్సలో ఉన్న ల్యుకేమియా పిల్లలలో దీనిని గుర్తించారు. పర్మెత్రిన్, ఐవర్‌మెక్టిన్ వంటి మందులతో తగ్గుతుంది.

మలసీజియా శోథ: చర్మం మీద సహజంగా ఉండే ఒక ఈస్ట్ వలన వీపు, ఛాతీ మీద దురదతో ఒకే పరిమాణంలో పొక్కులు వస్తాయి. శిలీంధ్ర నాశకాలతో నయమవుతుంది.

మందుల వలన వచ్చే పొక్కులు: దీర్ఘకాలిక మైలాయిడ్ ల్యుకేమియాలో వాడే నిలోటినిబ్ వంటి మందుల వలన కొందరిలో రోమకూపాల వద్ద గరుకు పొక్కులు ఏర్పడతాయి. స్టెరాయిడ్ల వలన మొటిమల వంటివి వస్తాయి.

మన దేశంలో కనుబొమలు రాలడం, చెవులు, ముఖం దళసరి కావడం చూడగానే చాలామందికి కుష్ఠువ్యాధి స్ఫురిస్తుంది. వైద్యులు కూడా ఆ వ్యాధిని పరిశీలించవలసినదే. ట్రైకోడిస్ప్లేజియాలో నరాలు దెబ్బతినవు, స్పర్శజ్ఞానం పోదు. కుష్ఠులో రోమకూపాల నుండి ఇటువంటి ముళ్లు రావు. చర్మపు నమూనాలో కుష్ఠు సూక్ష్మజీవులు ఉన్నదీ లేనిదీ పరీక్షించి సందేహం తీర్చుకోవచ్చు. విటమిన్ ఏ లోపంతో, ఇతర పోషకాహార లోపాలతో పిల్లలకు వచ్చే ఫ్రైనోడెర్మాలో కూడా ముళ్ల వంటి పొక్కులు వస్తాయి. కాని అవి ప్రధానంగా మోచేతులు, మోకాళ్ల వద్ద ఉంటాయి.

చికిత్స

ఈ వ్యాధికి అసలైన మందు రోగి సొంత నిరోధక శక్తి తిరిగి రావడమే. అవయవ మార్పిడి రోగులలో నిరోధక శక్తిని అణచే మందుల మోతాదును వైద్యులు జాగ్రత్తగా తగ్గిస్తారు. రక్తపు క్యాన్సర్ రోగుల పరిస్థితి వేరు. కీమోథెరపీ మోతాదు తగ్గిస్తే క్యాన్సర్ తిరగబెట్టవచ్చు. ప్రాణాపాయం లేని చర్మవ్యాధి కోసం ప్రాణాన్ని కాపాడే చికిత్సకు అంతరాయం కలిగించడం సాధారణంగా తగదు. అందువలన నియమిత చికిత్స పూర్తి అయ్యే వరకు చర్మానికి ఉపశమనం కలిగిస్తూ వేచి ఉండడం వీరి విషయంలో ఆమోదయోగ్యమైన మార్గం. చికిత్స ముగిసి లింఫోసైట్లు కోలుకున్న తరువాత ముళ్లు వాటంతట అవే తగ్గిన సందర్భాలు ఉన్నాయి.

వైరస్‌ను అణచడానికి వాడిన మందులు ఇవి:

* సిడోఫోవిర్ లేపనం: 1 నుండి 3 శాతం సాంద్రతలో చర్మంపై పూసినప్పుడు చాలామందిలో మంచి ఫలితం కనిపించింది. పూసిన చోట మంట కలగవచ్చు. దీనిని ప్రత్యేకంగా తయారు చేయించవలసి ఉంటుంది, ఖర్చు ఎక్కువ. ఇదే మందును నరం ద్వారా ఇస్తే మూత్రపిండాలు దెబ్బతినే ప్రమాదం ఉన్నది.
* వాల్‌గాన్‌సిక్లోవిర్ మాత్రలు: అనేక రోగులలో ముళ్లు తగ్గాయి. హెర్పిస్ కుటుంబపు వైరస్‌ల కోసం తయారైన ఈ మందు పనిచేయాలంటే ఆ వైరస్‌లలో ఉండే ఒక ఎంజైము అవసరం. పాలియోమా వైరస్‌లలో అది లేదు. అయినా ఈ వ్యాధిలో మందు ఉపయోగపడడం శాస్త్రజ్ఞులకు ఆసక్తి కలిగించే ప్రశ్నగానే ఉన్నది. ఈ మాత్రలు తెల్ల రక్తకణాలను తగ్గిస్తాయి. కీమోథెరపీ వలన అవి ముందే తగ్గి ఉన్న రోగులకు ఇది ముఖ్యమైన హెచ్చరిక. రక్తపరీక్షలు తరచుగా చేస్తూ, రక్తవ్యాధి నిపుణుల పర్యవేక్షణలోనే వాడాలి.
* లెఫ్లునోమైడ్: కొద్దిమంది మార్పిడి రోగులలో వాడారు. ఇది కూడా నిరోధక శక్తిపై ప్రభావం చూపే మందే.

ముళ్లను వైద్యుల వద్ద మెల్లగా తీసివేయించడం వలన ముఖం తాత్కాలికంగా మెరుగుపడుతుంది. కారణం అలాగే ఉన్నంత కాలం అవి మళ్లీ రావచ్చు. సాధారణ స్టెరాయిడ్ లేపనాల వలన గాని, మొటిమల మందుల వలన గాని చెప్పుకోదగిన ప్రయోజనం ఉండదు.

రోగులు, సంరక్షకులు గమనించవలసిన విషయాలు

* చికిత్స కాలంలో ముఖం మీద కొత్తగా గరుకుదనం, ముళ్లు కనిపిస్తే తరువాతి సందర్శనంలోనే రక్తవ్యాధి నిపుణులకు చూపాలి. మొదలైన తేదీ వ్రాసి ఉంచుకొని, వారానికొక ఫొటో తీసి ఉంచితే వైద్యులకు ఉపయోగపడుతుంది.
* ముళ్లు వచ్చాయని కీమోథెరపీ మాత్రలను సొంత నిర్ణయంతో మానరాదు, తగ్గించరాదు.
* ముళ్లను గోళ్లతో గిల్లడం, పీకడం, రాతితో రుద్దడం, పసరులు పూయడం తగదు. న్యూట్రోఫిల్ కణాలు తగ్గిన సమయంలో చర్మానికి అయిన చిన్న గాయం కూడా రక్తంలోనికి సూక్ష్మజీవులు ప్రవేశించే దారి కావచ్చు.
* జ్వరం, చీము, ఎర్రదనంతో కూడిన వాపు, నొప్పి ఈ వ్యాధి లక్షణాలు కావు. అవి కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.
* ఆరోగ్యవంతులైన కుటుంబ సభ్యులకు ఈ చర్మవ్యాధి వస్తుందనే భయం అక్కరలేదు. రోగిని వేరుగా ఉంచడం, పళ్లెం, పక్క వేరు చేయడం అవసరం లేదు.
* బడి ఈడు పిల్లలకు ముఖంలో మార్పు మనస్తాపం కలిగిస్తుంది. ఇది చికిత్సకాలపు మార్పు అని, తగ్గే అవకాశం ఉన్నదని పిల్లలకు, వారి తోటివారికి, ఉపాధ్యాయులకు తెలియజెప్పడం మంచిది.

వ్యాధి గమనం

నిరోధక శక్తి కోలుకున్న రోగులలో ముళ్లు రాలిపోయి చర్మం నునుపుగా మారుతుంది. కనుబొమలు తిరిగి మొలవవచ్చు. నిరోధక శక్తి దీర్ఘకాలం తక్కువగానే ఉంటే వ్యాధి నెలల తరబడి, సంవత్సరాల తరబడి కొనసాగవచ్చు. చికిత్స నిలిపిన తరువాత తిరిగి రావడం కూడా ఉన్నది. పాలియోమా కుటుంబంలోని మెర్కెల్ కణ వైరస్ క్యాన్సర్‌ను కలిగించినా, ట్రైకోడిస్ప్లేజియా వైరస్‌కు అటువంటి సంబంధం నిరూపితం కాలేదు. ఈ ముళ్లు ల్యుకేమియా తిరగబెట్టిందనడానికి గుర్తు కావు. అవి శరీరపు రక్షణ ఆ సమయంలో ఎంత తగ్గి ఉన్నదో తెలిపే గుర్తులు మాత్రమే.

ఇవి కూడా చూడండి

* ల్యుకేమియా
* లింఫోమా
* మైలోమా
* కీమోథెరపీ
* రోగనిరోధక వ్యవస్థ
* వైరస్
* యల్లాప్రగడ సుబ్బారావు